కిట్ లెన్సూ, కొత్తవాడ జంపఖానాలూ

మొదటి కెమెరా కొన్నవాళ్లు మూడు నెలలకు మళ్లీ దుకాణానికి వస్తారు. రావడం రావడమే గ్లాసు కౌంటర్ మీద మోచేతులు ఆనించి, లోపల వరుసగా పేర్చిన లెన్సుల వైపు కొత్తల్లుడు పిండివంటల వైపు చూసినట్టు చూస్తారు. తర్వాత మెల్లగా అడుగుతారు: "అన్నా, దీనితోని వచ్చిన లెన్స్ తీసేసి మంచిది కొనాల్నా?"

కెమెరాతో పాటు డబ్బాలోనే వచ్చే ఆ మామూలు లెన్సునే కిట్ లెన్స్ అంటాం. పాపం, దానికి కొన్న రోజు ఉన్న గౌరవం వందో రోజుకు ఉండదు.

హన్మకొండ చౌరస్తా దగ్గర ముప్పై ఏళ్లకు పైగా కెమెరాలు అమ్మి, బాగుచేసి, మొన్న మొన్ననే షట్టర్ దించిన మనిషిని నేను. ఎన్ని మోడళ్లు చూశానో, ఏ కంపెనీ నాకు ఏ షీల్డు ఇచ్చిందో రాస్తే మీకు వచ్చేదేమీ లేదు. ఆ షీల్డులకు మా ఇంట్లో ఇప్పుడు తాళంచెవులు తగిలిస్తున్నారు. ఈ పనిలోకి కొత్తగా దిగే పిల్లలు మాత్రం పై ప్రశ్నకు జవాబు చెప్పడం నేర్చుకోవాలి. మిగతాదంతా ఆరు నెలల్లో అదే వస్తుంది. ఈ ఒక్కటి నాకు రావడానికి దాదాపు నా దుకాణం వయసంత పట్టింది. నేర్పింది కంపెనీవాళ్లు కాదు, కొత్తవాడలో జంపఖానాలు నేసే ఒక తండ్రీ, ఆయన కూతురూ. వాళ్ల గురించి చెప్పడానికే ఇది రాస్తున్నాను. కాకపోతే అంతకుముందు నా తెలివి ఎంతో కూడా చెప్పాలి కదా.

మా సారు చుట్టిన టేపు

నాకు పని నేర్పింది ఒక స్టూడియో యజమాని. మేము సారు అనే పిలిచేవాళ్లం. ఆయన నోరు మంచిది కాదు, పని మంచిది.

చేరిన వారానికే నా చేతికి కెమెరా ఇచ్చి, లెన్స్ మీద జూమ్ తిప్పే రింగుకు నల్ల టేపు చుట్టేశాడు. ఇక మనిషి పెద్దగా కనబడాలంటే నేను దగ్గరికి పోవాలి, చిన్నగా కనబడాలంటే వెనక్కి జరగాలి.

"చేతులు గాదుర, కాళ్లు తిప్పు," అన్నాడు.

నెల రోజులు పెళ్లిళ్లలో అందరి కాళ్లూ తొక్కాను. ఒకసారి అయ్యగారి కాలు కూడా తొక్కితే, ఆయన మంత్రం మధ్యలోనే నన్ను తిట్టి, మళ్లీ మంత్రం అందుకున్నాడు. నెల తర్వాత టేపు తీసేసరికి ఎంత దూరంలో నిలబడితే ఏం కనబడుతుందో కళ్లు మూసుకుని చెప్పగలిగాను. సారుకు పొగడడం రాదు. జీతం పెంచడం అసలే రాదు. అయినా ఆ టేపుకు ఇప్పటికీ దండం పెడతాను.

అయితే ఏం లాభం? సొంత దుకాణం పెట్టి కౌంటర్ వెనక కూర్చున్నాక ఆ పాఠాన్ని సుబ్బరంగా మర్చిపోయాను. అమ్మేవాడికి కాళ్లతో పనేముంది?

పరకాల ఫిల్టర్

పరకాలలో పెళ్లిళ్ల ఫోటోలు తీసే సదానందం అనే మనిషి ఒకసారి వచ్చాడు. ఫోటోలన్నీ పొగ పట్టినట్టు వస్తున్నాయని బాధపడ్డాడు. కెమెరా తెర మీద నాలుగు ఫోటోలు చూశాను. పొగే. "కిట్ లెన్స్ గింతే సదానందం, దీని పని అయిపోయింది," అని పెద్ద డాక్టరులాగా చెప్పి, ఖరీదైన లెన్స్ అంటగట్టాను. ఆ పాత లెన్సును చేతిలోకి తీసుకుని చూడనైనా చూడలేదు.

పది రోజులకు మళ్లీ వచ్చాడు. కొత్త లెన్సులోనూ అదే పొగ.

ఈసారి చేతిలోకి తీసుకున్నాను. లెన్సుకు గీతలు పడకుండా ముందు బిగించే అద్దం, మేము ఫిల్టర్ అంటాం, పాతదే తీసి కొత్తదానికి బిగించాడు. రెండిటి సైజూ ఒక్కటే. ఆ అద్దం మీద మూడేళ్ల పెళ్లిళ్లు ఉన్నాయి. పసుపు, హోమం పొగ, నూనె వేళ్లు, ఏ పిల్లవాడో అంటించిన లడ్డూ. ఫిల్టర్ తీసి ఒక ఫోటో కొడితే అద్దంలా వచ్చింది. పాత కిట్ లెన్స్ బిగించి కొడితే అది కూడా అంతే.

సదానందం రెండు ఫోటోలూ చూసి, నన్ను చూశాడు. "అంటే పాతది మంచిగనే ఉండెనా?"

"ఉండె."

"గట్లయితె నువ్వు నాకు ఏం అమ్మినవ్ అన్నా?"

నాకు తల కొట్టేసినట్టయింది. వాపస్ తీసుకుంటానన్నాను. ఆయన కడుపుబ్బా నవ్వాడు. "వద్దులే, ఎట్లనో పనికొస్తది. కని ఇగ ఎవలు వచ్చినా ముందుగాల తుడిచి సూడు."

ఆ రోజు నుంచి కౌంటర్ మీద ఒక మెత్తటి గుడ్డ పెట్టాను. వచ్చిన వాళ్లలో సగం మంది ఆ గుడ్డతోనే బాగుపడి వెళ్లిపోయారు. అలాగని అందరికీ వద్దని చెప్పడం కూడా తెలివి కాదు, అది ఇంకో రకం బద్ధకం. డోర్నకల్ నుంచి ఒకాయన స్కూలు పిల్లల డ్యాన్సులు తీసేవాడు. స్టేజీ మీద గుడ్డి వెలుతురు, పిల్లలు ఒక్క క్షణం ఆగరు. అక్కడ కిట్ లెన్స్ చేతులెత్తేస్తుంది. ఆయనకు మాత్రం అప్పు చేసైనా మంచి లెన్స్ కొనమనే చెప్పాను. తన లెన్స్ ఏ పని చేయలేకపోతోందో ఒక్క వాక్యంలో చెప్పగలిగిన వాడికే కొత్త లెన్స్ చూపించాలి.

గుడ్డ వచ్చింది, వాక్యం వచ్చింది, ఇక నాకన్నీ తెలుసు అనుకున్నాను. అప్పుడొచ్చింది స్రవంతి.

"మా ఇల్లే చిన్నగున్నది"

స్రవంతి కొత్తవాడ పిల్ల. డిగ్రీ అయిపోయింది. వాళ్ల నాన్న సాంబయ్య చేతిమగ్గం మీద జంపఖానాలు నేస్తాడు. వాటిని ఫోటోలు తీసి ఫోన్లో పెట్టి అమ్ముదామని ఆ అమ్మాయి నా దగ్గరే చిన్న కెమెరా కొన్నది. బెంగళూరులో దుకాణం నడిపే ఒకావిడ ఆ ఫోటోలు చూసి, ఆరడుగుల చారల జంపఖానాలు పన్నెండు కావాలని ఆర్డర్ పెట్టింది. ఆ ఇంటికి అంత పెద్ద ఆర్డర్ రావడం అదే మొదలు.

పదకొండు నేయడం అయిపోయి పన్నెండోది మగ్గం మీద సగంలో ఉండగా, స్రవంతి కొన్ని ఫోటోలు పంపింది. ఆవిడ దగ్గర నుంచి జవాబు వచ్చింది: అంచులు వంకరగా ఉన్నాయి, ఇలాంటివైతే పంపకండి.

"కాకా, మంచి లెన్స్ కావాలె," అన్నది స్రవంతి కౌంటర్ దగ్గర. "మా బాపు గా మాట యిన్న పొద్దు మగ్గం మీదున్నది పూర్తి జేసి కోసిండు. గంతే, మూడొద్దులాయె మగ్గం గుంతల కాలు వెట్టలే. యాభై ఏండ్ల సంది నేస్తాండు, ఎవ్వలు వంకర అనలే. ఈ ఆర్డర్ వాపస్ పోతె మగ్గం ఇప్పేసి పవర్లూమ్ షెడ్ల కూలికి పోత అంటాండు."

ఫోటోలు చూశాను. అంచులు మధ్యలో బయటికి ఉబ్బి ఉన్నాయి, బాగా తిన్న కడుపులాగా. రోగం వెంటనే పట్టేశాను. కిట్ లెన్సును పూర్తిగా వెడల్పుకు తిప్పి, అంటే రింగు మీద పద్దెనిమిది అంకె దగ్గర పెట్టి, బాగా దగ్గర నిలబడి తీస్తే తిన్నటి గీతలు ఇలాగే ఉబ్బుతాయి. నేత తప్పు కాదు, లెన్స్ తప్పు. గుడ్డతో తుడిస్తే పోయేది కాదు. నా వాక్యం కూడా సరిపోయింది: ఈ లెన్స్ గీతను గీతలాగా చూపడం లేదు.

"జూమ్ లేని యాభై నంబరు లెన్స్ తీస్కపో బిడ్డా. దాంట్ల గీత గీతలెక్కనే ఉంటది," అన్నాను. చలికాలంలో నూలు కొనడానికని దాచుకున్న డబ్బులతో కొన్నది. మంచి పని చేశానని ఆ రోజు నాకు అన్నం కూడా రుచిగా అనిపించింది.

మరునాడే తిరిగి వచ్చింది.

"లెన్స్ మంచిదే కాకా," అన్నది నన్ను నొప్పించకుండా. "మా ఇల్లే చిన్నగున్నది."

ఆ లెన్సులో ఆరడుగుల జంపఖానా మొత్తం పట్టాలంటే పదమూడు అడుగులు వెనక్కి జరగాలి. వాళ్ల ముందుగదిలో సగం మగ్గమే. గోడకు వీపు ఆనించి నిలబడినా సగం జంపఖానా కూడా రాలేదట.

ముప్పై ఏళ్లలో ఎన్ని వందల మందికి లెన్సులు అమ్మానో. ఒక్కరినంటే ఒక్కరిని కూడా "నువ్వు ఎక్కడ నిలబడి తీస్తావు?" అని అడగలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. మరునాడు పొద్దున్నే దుకాణం తెరవకుండా కొత్తవాడకు స్కూటర్ తీశాను.

దారం

సాంబయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. బక్కపలచని మనిషి. లోపల మగ్గం ఖాళీగా ఉంది, నిలువు దారాల పడుగు మాత్రం ఇంకా దాని మీదే ఉంది. నన్ను పైనుంచి కింది దాకా చూసి అడిగాడు.

"కెమెరా సేటువు నువ్వేనా?"

"నేనే సాంబన్నా."

"నా అంచు వంకరనా, నీ డబ్బ వంకరనా?"

"డబ్బనే వంకర."

"సూపియ్యి. మాటలైతె ఎవ్వలన్న జెప్తరు."

ఎక్కడ చూపించాలి? గదిలో జాగా లేదు. ఏదైనా ఫంక్షన్ హాలు అడుగుదామా అని నేను ఆలోచిస్తుంటే స్రవంతి అన్నది: "ఇంట్ల జాగ లేకపోతె గల్లిల లేదా కాకా?"

ఆ మాట నాకు తట్టనందుకు ఇప్పటికీ నవ్వొస్తుంది. మిద్దె పిట్టగోడ మీది నుంచి ఒక జంపఖానాను వీధిలోకి వేలాడదీశాం. ఎదురింటి అరుగు దాకా పది అడుగులు ఉంటుంది. ఎండ ఇంకా గల్లీలోకి దిగలేదు, వెలుతురు మెత్తగా అంతటా ఒకేలా ఉంది. స్రవంతి మళ్లీ కిట్ లెన్సే బిగించి, మొదట దగ్గర నిలబడి పద్దెనిమిది దగ్గర ఒక ఫోటో తీసింది. కొంచెం వెనక్కి జరిగి ఇరవై నాలుగు దగ్గర ఒకటి. ఎదురింటి అరుగెక్కి ముప్పై అయిదు దగ్గర ఒకటి. మూడూ ఇంట్లో ఉన్న పాత లాప్‌టాప్‌లో వేసింది.

నేను లెన్సుల శాస్త్రం విప్పబోయాను. సాంబయ్య వినలేదు. లోపలికి పోయి ఒక పడుగు దారం తెంపుకొచ్చి, రెండు చేతుల మధ్య బిర్రుగా గుంజి, తెర మీద జంపఖానా అంచుకు ఆనించాడు. మొదటి ఫోటోలో అంచు దారాన్ని దాటి బియ్యపుగింజంత బయటికి వచ్చింది. రెండోదాంట్లో అంతకన్నా తక్కువ. మూడోదాంట్లో దారమూ అంచూ ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి. పై నుంచి ఒకసారి, కింది నుంచి ఒకసారి, మళ్లీ పై నుంచి ఒకసారి చూసుకున్నాడు.

"ముప్పై అయిదు కాడ నిజం జెప్తాంది," అన్నాడు.

నా దుకాణంలో లెన్సుల్ని పరీక్షించడానికి పెద్ద పెద్ద చార్టులు ఉండేవి. కంపెనీవాళ్లు మమ్మల్ని పిలిచి, ఏసీ గదుల్లో కూర్చోబెట్టి అవి చూడడం నేర్పారు. ఈయన ఒక మూరెడు దారంతో నిమిషంలో తేల్చేశాడు. అంత ముచ్చట నాకు నా వృత్తిలో మళ్లీ కలగలేదు.

జేబులో ఉన్న టేపు తీసి రింగును ముప్పై అయిదు దగ్గర కదలకుండా చుట్టేశాను. ఎదురింటి అరుగు మీద కెమెరా స్టాండు కాళ్లు పెట్టాల్సిన చోట స్రవంతి సుద్దముక్కతో గుర్తులు గీసుకుంది. యాభై నంబరు లెన్స్ వాపస్ తీసుకుని ఆమె డబ్బులు ఆమెకు ఇచ్చేశాను. కాబట్టి పిల్లలూ, ఎవరైనా వచ్చి లెన్స్ మార్చాలా అని అడిగితే ముందు తుడవండి, ఏం తీస్తున్నారో అడగండి, ఎక్కడ నిలబడి తీస్తున్నారో తప్పకుండా అడగండి. వీలైతే పోయి చూడండి. అప్పటికీ తీరకపోతే అమ్మండి. అమ్మడం తప్పు కాదు, అమ్మకపోతే మనమేం తింటాం?

పన్నెండోది

మరునాడు పొద్దున పన్నెండు జంపఖానాలనూ గల్లీలో ఒక్కొక్కటిగా వేలాడదీసి ఫోటోలు తీసింది స్రవంతి. నేనూ పోయాను, అమ్మకం లేకపోయినా. ఆటో వస్తే ఆగింది, పాల బండి వస్తే ఆగింది. ఎదురింటావిడ చీపురు పట్టుకుని వాకిట్లోనే నిలబడి, "అయిపోయిందా బిడ్డా, ఊడ్వాల్నా?" అని పన్నెండు సార్లు అడిగింది. ఆ అమ్మాయి ఒక్కసారి కూడా విసుక్కోలేదు. అంత ఓపిక ఉన్న ఫోటోగ్రాఫర్లను నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను.

ఆ సాయంత్రం లోపు సరుకు ట్రాన్స్‌పోర్ట్‌కు వేయాలి. వారంలోపు పన్నెండూ అందాలని బెంగళూరు ఆవిడ ముందే చెప్పింది. సాంబయ్య దారం పట్టుకుని లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. పదకొండు ఫోటోలు దారానికి సరిగ్గా నిలిచాయి. ప్రతిదానికీ ఆయన మొహం కొంచెం కొంచెం విప్పారుతూ వచ్చింది.

పన్నెండోది సగం దాకా సరిగ్గా ఉంది. ఆ పైన అంచు దారానికి లోపలికి పోయింది. చాలా కొంచెమే. దారం లేకపోతే నేను పట్టేవాణ్ని కాదు.

"లెన్సే సాంబన్నా," అన్నాను వెంటనే. అబద్ధం కూడా కాదు. రింగు కొంచెం అటు జరిగితే కొన్ని లెన్సులు గీతను లోపలికి లాగుతాయి. "టేపు వదులయినట్టున్నది."

"నేనే స్టాండు జరిపినట్టున్న బాపూ," అన్నది స్రవంతి.

సాంబయ్య దారం దించలేదు. "లెన్స్‌ది అయితె అన్నిటికుండాలె. కడమ పదకొండు గాడికెల్లే తీస్తిరి గద?" తెరకు ఇంకా దగ్గరగా వంగాడు. "నీ డబ్బ బయటికి ఉబ్బిచ్చింది. ఇది లోపటికి గుంజింది. అడ్డం పేక బిగిచ్చి కొడితె గిట్ల గుంజుతది. గీడికెల్లి సూడు." బొటనవేలు తెర మధ్యలో పెట్టాడు. "గా పొద్దు ఆమె మాట యిన్నంక నేసింది ఈ సగమే. కోపంతోని కొట్టిన. ఇది నా చెయ్యి."

లేని వంకర అంటగడితే ఆ బాధలోనే నిజమైన వంకర పుట్టింది. ఆ ముక్క ఆయన తప్ప ఎవరూ చెప్పలేరు. ఆయన చెప్పాల్సిన అవసరమూ లేదు.

"బాపూ, అరవేలంత గూడ లేదు. ఆమెకు కనవడది," అన్నది స్రవంతి. "పదకొండే పంపితె ఆర్డర్ మొత్తం వద్దంటది."

"ఆమెకు కనవడది. నాకు కనవడ్డది గద," అన్నాడు. "జెప్పు ఆమెకు. ఈసారి కెమెరాది గాదు, మా బాపుదే అని జెప్పు. ఇంకోటి నేస్తాండు, నాలుగొద్దులు గావాలె అను. వద్దంటె వద్దననీ."

నేను అమ్మకాలు చేసినవాణ్ని. సరుకులో లోపం కొన్నవాడికి కనబడేదాకా నోరు తెరవకూడదన్నది మా అందరికీ మొదట వచ్చే విద్య. స్రవంతి ఫోన్లో ఆ మాటలు టైపు చేస్తుంటే ఆపాలని నాలుక చివరి దాకా వచ్చింది. ఆపలేదు. పదకొండు ఫోటోలతో పాటు పన్నెండో ఫోటో కూడా, వంకర ఎక్కడుందో గుండ్రంగా గీత గీసి మరీ పంపింది.

జవాబు కోసం మేమిద్దరం అరుగు మీద కూర్చున్నాం. సాంబయ్య కూర్చోలేదు. లోపలికి పోయి, ఆరు రోజుల తర్వాత గుంతలో కాళ్లు పెట్టి, ఉన్న పడుగు మీదనే కొత్తది మొదలుపెట్టాడు. ఆర్డర్ ఉంటుందో పోతుందో తెలియకముందే. మగ్గం చప్పుడు ఒకే తీరుగా, తొందర లేకుండా వినబడింది. స్రవంతి మాత్రం నిమిషానికోసారి ఫోన్ చూసుకుంటూనే ఉంది. నేనూ తొంగి చూస్తూనే ఉన్నాను, అబద్ధమెందుకు?

అన్నాల వేళ దాటాక ఫోన్ మోగింది. స్రవంతి చదువుకుంటూనే లేచి లోపలికి పరిగెత్తింది. వెనకాలే నేను. మగ్గం ఆగింది.

"పదకొండు ఇయ్యాల్నే పంపుమన్నది బాపూ. పన్నెండోది అయినప్పుడే పంపుమన్నది," గుక్క తిప్పుకుంది. "దానికి ఫోటో అక్కర్లేదట."

సాంబయ్య మగ్గం మీది నుంచి కూతురి వైపు తిరిగాడు. "గా ఆఖరి మాట మల్లోసారి సదువు," అన్నాడు.